కుక్క తిండికి పురుగు పడితే

చి. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. టామీ తిండి సంచిలో పురుగులు కనిపించాయని ఫోన్‌లో కంగారు పడ్డావు. ఇల్లు శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చినవి కావమ్మా అవి. చాలాసార్లు గుడ్లు కొట్టు నుంచే సంచితో వస్తాయి. మన బియ్యానికీ రవ్వకీ పట్టే పురుగులే, కుక్క తిండిలోనూ పిండి, కొవ్వు ఉంటాయిగా.

ముందు ఏ పురుగో చూడు. ఎర్రటి గోధుమరంగు చిన్న పురుగులు అడుగున పొడిలో పాకుతుంటే పిండి పురుగులు. ముక్కలు బూజులాంటి దారాలతో అతుక్కుని గుత్తులుగా వస్తే మాత్రం అది రెక్కల పురుగు పని. దాని రెక్కలు మొదట్లో బూడిద రంగుగా, చివర రాగి రంగుగా ఉంటాయి. దీనితోనే తిప్పలెక్కువ. ఒక్క ఆడపురుగు వందల్లో గుడ్లు పెడుతుంది. లార్వా ఎదిగాక తిండి వదిలేసి గోడ ఎక్కి, అటక మూలల్లో, డబ్బా మూత అంచుల్లో గూడు కట్టుకుంటుంది. సంచి పారేసినా నెల తిరక్కుండా మళ్ళీ ఎగిరేది అందుకే.

పురుగు పట్టిన సంచిని కవర్లో బిగించి కట్టి ఈరోజే ఇంటి బయట పడెయ్యి, వంటింటి చెత్తబుట్టలో వద్దు. తర్వాత శనగపిండి, మైదా, పల్లీలు, ఎండుమిర్చి అన్నీ విప్పి చూడు. అలమర మూలలు, మేకు రంధ్రాలు వదలకుండా తుడువు.

పురుగుల మందు మాత్రం కొట్టకు. నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం కూడా దగ్గర పెట్టకు, టామీ నోట పెడితే ప్రాణం మీదికొస్తుంది. బియ్యంలాగా ఎండలో ఆరబొయ్యనూ వద్దు. వేడికి అందులోని కొవ్వు ముక్కిపోయి వాసన వస్తుంది.

కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడు అలాగే ఫ్రీజర్లో, మైనస్ 18 డిగ్రీల దగ్గర, వారం ఉంచు. గుడ్లతో సహా చస్తాయి. మామూలు ఫ్రిజ్ అరలో పెడితే లాభం లేదు. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పకు, లేకపోతే తడి పట్టి బూజొస్తుంది. ఆ తర్వాత ప్యాకెట్‌తో సహా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టు. పాతది అడుగున ఉండగా కొత్తది పైన పొయ్యకు. డబ్బా కడిగి, బాగా ఆరాకే వాడు.

వాడికి నెలకి సరిపడా చిన్న ప్యాకెట్లే కొను. పెద్ద సంచి చవకే, కానీ విశాఖ ఉక్కలో మూడు నెలలు నిలవ ఉంచడం నాకు నచ్చదు. రెండు నెలలు దాటాక కూడా ఒక్క రెక్కల పురుగు కనిపించినా, ఎక్కడో ఒక ప్యాకెట్ మిగిలిందని లెక్క. వెతికి తియ్యి.

నీ పెద్దమ్మ