కోలెట్ వేషం కట్టబోయే అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. ఫ్రెంచి రచయిత్రి కోలెట్ మీద గంటసేపు ఏకపాత్రాభినయం చెయ్యాలన్న ఆలోచన బాగుంది. కానీ ప్రతి పేజీలో ‘స్వేచ్ఛాజీవి’ అని రాశావే, ఆ స్వేచ్ఛకు డబ్బెవరు కట్టారో ఎక్కడా లేదు.

మొదటి సీనే పారిస్‌లోని మూలాం రూజ్ వినోదశాలలో పెట్టావు. 1907 జనవరి 3న మూకాభినయంలో ఆమె ఈజిప్టు మమ్మీ (పాడవకుండా దాచిన శవం) వేషం, స్నేహితురాలు మిస్సీ ఈజిప్టు చరిత్ర శోధించే పండితుడి వేషం వేశారు. ఇద్దరూ ముద్దు పెట్టుకోగానే హాల్లో గొడవ, పోలీసుల నిషేధం. జరిగిన మాట నిజమే. కానీ దాంతో మొదలెడితే జనం చివరిదాకా ఇంకో ముద్దు కోసమే చూస్తారు. జనం సంగతి నాకు తెలుసు.

లెక్కల దగ్గర మొదలెట్టు. 1893లో, ఇరవయ్యేళ్లకి, విల్లీని పెళ్లాడింది. ఇతరులచేత రాయించి తన పేరు వేసుకోవడం అతని వ్యాపారం. 1900లో వచ్చిన మొదటి ‘క్లోదీన్’ నవల రాసింది ఈమె, అట్ట మీద పేరు అతనిది. గదిలో పెట్టి తాళం వేసేవాడని తర్వాత తనే రాసుకుంది. 1906లో విడిపోయి స్టేజీ ఎక్కింది. మరుసటి ఏడు ఆయనగారు ఆ నవలల హక్కులు ఆమెకు చెప్పకుండానే అమ్మేశాడు. మిస్సీ ఆదుకుంది, కాదనను. అయినా ఊరూరూ తిరిగి ఆడింది మాత్రం సొంత సంపాదన కోసమే.

1910 నాటి ‘లా వగబోండ్’ నవల మొదటి పేజీలు మళ్లీ చదువు. రంగు పూసుకుని, తన సీనుకి ఇంకా టైముండగానే తయారైపోయి, గ్రీన్‌రూమ్‌లో అద్దం ముందు ఒక్కతే కూర్చుంటుంది. మనం ఎరగని టెన్షనా అది? తెర లేచేసరికి నువ్వలా కూర్చుని ఉండు. రంగు అక్కడే, ప్రేక్షకుల ఎదురుగానే వేసుకో. కనుబొమ్మ దిద్దేటప్పుడు చెయ్యి కొంచెం వణికితే వణకనీ. ఆమె జార్జ్ వాగ్ దగ్గర మూకాభినయం నేర్చుకుంది, కాబట్టి కాసేపు డైలాగే లేకుండా ఆడు. మన పరిషత్తు జడ్జీలు గొణుక్కుంటారు, గొణుక్కోనీ.

ఫ్రెంచి యాస తెచ్చిపెట్టుకోకు. పారిస్‌లో ఎన్నేళ్లున్నా ఆమె తను పుట్టిన బుర్గుండీ ప్రాంతపు యాస వదల్లేదు. నువ్వు మన శ్రీకాకుళం మాటే మాట్లాడు.

ఆమెని దేవతను చెయ్యకు. రెండో భర్త కొడుకుతో సంబంధం పెట్టుకుంది. అది మొదలయ్యేనాటికి వాడికి పదహారేళ్లు. కన్నకూతుర్ని ఆయాకి అప్పగించేసింది. ఇవి నీ స్క్రిప్టులో లేవు, కావాలనే తీసేశావని నా అనుమానం. పెట్టు.

ఆఖర్న 1954 నాటి అంత్యక్రియలు కత్తిరించెయ్. చర్చి కాదన్నా ప్రభుత్వ లాంఛనాలు జరిగాయి, గొప్పే, కానీ చచ్చిపోయాక ఆడేది ఏముంది?

ఇంకోటి. పిలిచినవాళ్లతో పారితోషికం ముందే తేల్చుకో, మొహమాటపడకు. సగం అడ్వాన్సు తీసుకో. రానూపోనూ ఖర్చులు వేరేగా రాయించుకో.

మీ పెద్దమ్మ