భీమిలి బ్రిటిష్ వాళ్లు పెట్టిన ఊరా?

కాదు, విశాఖపట్నం బీచ్ రోడ్డు వెంట ఉత్తరంగా వెళ్తే వచ్చే భీమిలి, అంటే భీమునిపట్నం, బ్రిటిష్ వాళ్ల చేతికి రాకముందే, 17వ శతాబ్దంలోనే డచ్ వర్తకులు మకాం పెట్టిన రేవు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కావడంతో పడవలకు అనువుగా ఉండేది, చుట్టుపక్కల ఊళ్లలో నేసిన నూలు బట్టలు ఇక్కడే ఓడలెక్కేవి. ఇక్కడున్న పాత డచ్ సమాధులే సాక్ష్యం, వాటిని ఇంకాస్త శ్రద్ధగా కాపాడుకోవాలి. 1825లో ఊరు బ్రిటిష్ వాళ్లకు దక్కింది. 1861లో మున్సిపాలిటీ అయింది, దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఇదొకటి. చాలామంది ఆ ఏడాదే ఊరు పుట్టిందనుకుంటారు, పొరపాటు అక్కడే. తర్వాత ఓడల వర్తకం విశాఖకు మళ్లింది. ఇప్పుడు మహా విశాఖ నగరంలో భాగమే అయినా, ఆ పాత రేవు ఊరి నెమ్మది మాత్రం పోలేదు.