బిహేవియరల్ ఎకనామిక్స్‌లో (మనుషులు ఆర్థిక నిర్ణయాలను నిజంగా ఎలా తీసుకుంటారో చూసే శాస్త్రంలో) రీసెర్చ్ అసిస్టెంట్లుగా పనిచేసిన డిగ్రీ విద్యార్థులు చదువు ముగిశాక ఎటు వెళ్తారు?

పరిశోధన మీదే మనసున్నవారిలో చాలామంది నేరుగా పీహెచ్‌డీలో చేరకుండా, ముందు ఏదైనా విశ్వవిద్యాలయంలోనో, 2003లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన, పేదరిక నిర్మూలన పథకాల ఫలితాలను ప్రయోగాలతో పరీక్షించే జె-పాల్ వంటి సంస్థలోనో ఒకటి రెండేళ్లు పూర్తికాలపు రీసెర్చ్ అసిస్టెంట్లుగా పనిచేస్తారు. సర్వే ప్రశ్నలను ముందుగా కొద్దిమందిపై పరీక్షించడం, స్టాటా, ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లలో డేటాను సరిచేయడం వంటి ఓపికతో కూడిన పనులే అక్కడ ఎక్కువ; అయితే పీహెచ్‌డీ ప్రవేశానికి కీలకమైన సిఫారసు లేఖలు ఆ పనిని దగ్గర నుంచి చూసిన ఆచార్యుల నుంచే వస్తాయి. పీహెచ్‌డీ అర్థశాస్త్రంలోనే చేయాలని లేదు: గణితం కన్నా ప్రయోగాలను ఇష్టపడేవారికి మనస్తత్వశాస్త్రం, లేదా బిజినెస్ స్కూళ్లలోని మార్కెటింగ్ విభాగం నా దృష్టిలో మరింత అనువైనది. ప్రభుత్వ విధానాల వైపు మొగ్గేవారికి, మనుషుల ప్రవర్తనపై అవగాహనను ప్రభుత్వ విధానాల్లో వాడేందుకు 2010లో బ్రిటన్ కేబినెట్ ఆఫీసులో ఏర్పడిన బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్ తరహా బృందాలున్నాయి. మిగిలినవారు కన్సల్టింగ్‌కో, టెక్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్‌కో (వినియోగదారుల అవసరాలను, తీరును అధ్యయనం చేసే పనికో) వెళ్తారు.