కూర ముందా, అన్నం ముందా? ముందు మీ రాత్రి మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 54. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. ముందు కూర, తర్వాత పప్పు, చివర అన్నం తింటే షుగర్ పెరగదని ఫోనులో ఒక వీడియో చూశాను. నెల రోజులుగా అలాగే తింటున్నాను. రాత్రి అన్నం మానేసి గిన్నెడు కూర, ఒక జొన్నరొట్టె తింటున్నాను. మధ్యాహ్నం రొట్టెతో పాటు అన్నం కూడా ఉంటుంది. రెండూ కలిపి తినవచ్చా? నెయ్యి వేసుకోవచ్చా? పెళ్లి భోజనాలకు వెళ్లిన రోజు ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటాను, ఇబ్బంది లేదు కదా? ఈ మధ్య తెల్లవారుజామున చెమటలు పట్టి, గుండె దడతో మెలకువ వస్తోంది. వేడి చేసిందేమోనని మజ్జిగ తాగి పడుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, రొట్టె సంగతి తర్వాత మాట్లాడుకుందాం. గ్లిమెపిరైడ్ వాడుతున్న మనిషికి తెల్లవారుజామున చెమట, దడ వస్తే వేడి అని సరిపెట్టుకోకూడదు. రక్తంలో షుగర్ పడిపోతోందేమోనని ముందుగా అనుమానించాలి. మిమ్మల్ని చూడకుండా అదేనని తేల్చి చెప్పలేను. షుగర్ ఉన్నవాళ్లలో గుండె జబ్బు ఒక్కోసారి నొప్పి లేకుండా చెమటలతోనే బయటపడుతుంది కాబట్టి ఈసీజీ కూడా తీయించాలి. కానీ మీరు రాసినవన్నీ కలిపి చదివితే నా అనుమానం ఎక్కువగా ఆ రాత్రి మాత్ర మీదికే పోతోంది.

మీరు వీడియోలో విన్నది అబద్ధం కాదు. ఉత్త అన్నం తింటే అది త్వరగా అరిగి చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. దానికి ముందు కూరలోని పీచు, పప్పులోని మాంసకృత్తులు కడుపులో పడితే జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర కూడా నిదానంగా ఎక్కుతుంది. 2015లో న్యూయార్క్‌లో పరిశోధకులు షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టి చూశారు. కోడిమాంసం, కూరగాయలు ముందు తిని, పావుగంట ఆగి బ్రెడ్డు, పళ్లరసం తీసుకున్న రోజున గంట తర్వాతి షుగర్ మూడో వంతుకు పైగా తక్కువగా ఉంది. చాలా చిన్న పరిశోధన. పైగా వాళ్లంతా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోవడం అరుదు. మీ మాత్రలో గ్లిమెపిరైడ్ కూడా ఉంది.

అది క్లోమగ్రంథిని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు మూడు గరిటెల అన్నం తిన్నారా, ఒక్క రొట్టె తిన్నారా అన్నది దానికి తెలియదు. ఆ మోతాదు మీరు రాత్రి అన్నం తినే రోజుల్లో రాసినది. నెల క్రితం అన్నం మానేశారు, కూర పెంచారు, మాత్ర అలాగే ఉంచారు. తిండి మార్చుకోవడం మంచి పనే. ఆ మాట మందు రాసిన డాక్టరుకు చెప్పకపోవడమే పొరపాటు.

ఇక పెళ్లిళ్లలో వేసుకునే అదనపు మాత్ర గురించి. దయచేసి ఇంకెప్పుడూ ఆ పని చేయకండి. కొన్నేళ్ల క్రితం ఒక పెద్దావిడను తెల్లవారేసరికి ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా తడిసిపోయి, పిలిస్తే పలకడం లేదు. పక్షవాతమనుకుని ఇంట్లోవాళ్లు అప్పటికే ఏడుస్తున్నారు. వేలి చుక్క పెడితే షుగర్ 34. నరానికి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకు కళ్లు తెరిచి, పొయ్యి మీద పాలు దింపారా అని కోడలిని అడిగింది. చీర కొంగు ముడి విప్పితే మాత్రల అట్ట ఉంది, అందులో రెండు గూళ్లు ఖాళీ. ముందు రోజు మనవరాలి పెళ్లిలో భక్ష్యాలు తింటానని ముందుగానే రెండు మాత్రలు వేసుకుంది. పనుల హడావుడిలో అసలు భోజనమే సరిగా చేయలేదు. మధ్యాహ్నానికి కోలుకుందని ఇంటికి తీసుకుపోతామన్నారు, నేను పంపలేదు. సాయంత్రం మళ్లీ 52కు పడిపోయింది. ఈ మందు ఒంట్లో చాలాసేపు ఉంటుంది, మూత్రపిండాలు బలహీనపడితే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఆమె ఇల్లు చేరింది మూడో రోజున.

మూత్రపిండాలంటే గుర్తొచ్చింది. మన ప్రాంతంలో మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి మాత్రలు కొనుక్కుని మింగడం మామూలైపోయింది. మీరు రాయలేదు గానీ, ఆ అలవాటు ఉంటే మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. షుగర్ ఉన్నవాళ్ల మూత్రపిండాలను ఆ నొప్పి మాత్రలు చాలా దెబ్బ తీస్తాయి.

మళ్లీ చెమటతో మెలకువ వస్తే గ్లూకోమీటరుతో వెంటనే చూసుకుని అంకె రాసిపెట్టండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ 70 దాటకపోతే మరో మూడు చెంచాలు. దాటాక ఒక రొట్టె ముక్కో, కాస్త అన్నమో తినాలి. మీటరు లేకపోతే దాని కోసం ఆగవద్దు, చక్కెర నీళ్లు తాగేయండి. మజ్జిగలో ఉండే చక్కెర ఆ సమయంలో చాలదు. మంచం పక్కన చక్కెర డబ్బా ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు తెలియాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయమని వాళ్లకు ఇవాళే చెప్పండి.

ఇప్పుడు మీ కంచం సంగతి. జొన్నరొట్టె తిన్నాం కదా, అన్నం చేసే చెడుకు అది విరుగుడవుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. 100 గ్రాముల జొన్నపిండిలో సుమారు 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, బియ్యంలో దానికంటే కొంచెం ఎక్కువ. జొన్నలో పీచు ఎక్కువ, ఆ మేరకు మేలే. కానీ రెండు రొట్టెల మీద కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం కలుపుకుంటే అదంతా లెక్కలో చేరుతూనే ఉంటుంది. రొట్టె తిన్న పూట అన్నం చిన్న గిన్నెడుకు మించనీయకండి, లేదా ఏదో ఒకటే తినండి. పక్కన పుంటికూర పప్పు, బొబ్బర్ల కూర, గుడ్డు, బీరకాయ, సొరకాయ ఏదైనా సరే. ఆలుగడ్డ కూర మాత్రం అన్నానికి తోడు మరో అన్నం లాంటిదే. కూర, పప్పు సగం వరకు ముందు తిని, తర్వాత అన్నం మొదలుపెట్టండి, చాలు. గడియారం పెట్టుకుని పావుగంట ఆగనక్కరలేదు.

నెయ్యి ఒక చెంచా వేసుకోవచ్చు. అంతకు మించితే అది చక్కెరను ఆపదు, ఆలస్యం చేస్తుంది. బిర్యానీ తిన్న రెండు గంటలకు 160 చూసి సంతోషపడినవాళ్లకు నాలుగో గంటలో అంతకంటే ఎక్కువ కనిపించడం నేను చూశాను. మీ ఒంటికి ఏ కలయిక పడుతుందో తెలుసుకోవాలంటే ఒకే భోజనాన్ని రెండు రోజులు, ఒక రోజు అన్నీ కలిపి, మరో రోజు కూర ముందుగా తినండి. తినే ముందు, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు షుగర్ చూసి రాసుకోండి. తేడా మీకే కనిపిస్తుంది. అయితే ఈ పరీక్ష మీ మాత్ర మోతాదు సరిచేసుకున్నాకే.

ఆ మోతాదు ఎంత తగ్గించాలో, అసలు ఆ మాత్ర మార్చాలో నేను ఇక్కడి నుంచి చెప్పడం సరికాదు. మీరుగా మానేయడం కూడా మంచిది కాదు. ఇవాళ రాత్రి మాత్ర వేసుకునే లోపే మీ డాక్టరుకు ఫోన్ చేసి, చెమటల సంగతి, అన్నం మానేసిన సంగతి చెప్పి ఆయన చెప్పినట్టు చేయండి. దొరకకపోతే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లి అడగండి. ఈ వారంలోనే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్ష), హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష), ఈసీజీ చేయించుకోండి. వెళ్లేటప్పుడు మాత్రల అట్ట కూడా తీసుకెళ్లండి, చాలామంది పేరు చెప్పలేక తెల్లమాత్ర అంటారు.

– జనరల్ ఫిజీషియన్, నల్లగొండ