గసగస గింజంత పురుగు, సాసరంత మచ్చ

ప్రశ్న: నాకు అరవై ఒక్క ఏళ్లు. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. అమెరికాలో, కనెక్టికట్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గర అయిదు నెలలుండి జూన్ నెలాఖరున వచ్చాను. వచ్చిన నాలుగో రోజున మోకాలి మడతలో ఎర్రటి మచ్చ కనిపించింది. రూపాయి బిళ్లంత ఉన్నది వారంలో సాసరంత అయింది. దురద లేదు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోంది, మెడ పట్టేస్తోంది. తామర అని పూత మందు ఇచ్చారు. అమ్మాయి కంగారు పడితే ‘లైమ్’ రక్తపరీక్ష చేయించాను, ఏమీ లేదని వచ్చింది. అక్కడ పెరట్లో ఆకులు ఊడ్చేదాన్ని కానీ, పురుగు కుట్టినట్టు గుర్తు లేదు. ఇక నిశ్చింతగా ఉండవచ్చా? మనవరాలికి అంటుతుందా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ఉండకూడదమ్మా. మీది లైమ్ జబ్బులా ఉంది, అంటే పిడుదు కుట్టడం వల్ల వచ్చే బ్యాక్టీరియా జబ్బు. ఇది అచ్చయ్యేదాకా ఆగకూడదని ఫోనులో ముందే చెప్పించాను. వివరం ఇక్కడ రాస్తున్నాను.

తామర అయితే దురద మిమ్మల్ని నిద్రపోనివ్వదు. అంచు పొట్టు రేగి గరుకుగా ఉంటుంది, నిదానంగా పెరుగుతుంది. మీది నున్నగా ఉంది, రోజురోజుకూ పాకుతోంది. మధ్యలో తెలుపు, చుట్టూ వలయం ఉండి తీరాలని కూడా లేదు. చాలామందికి మచ్చ అంతా ఒకే ఎరుపు. పైగా మీరు వచ్చింది ఆ జబ్బు పుట్టింటి నుంచి. 1975 ప్రాంతంలో కనెక్టికట్‌లోని లైమ్ ఊళ్లో పిల్లలకు వరుసగా మోకాళ్లు వాస్తుంటే, తల్లులు పట్టుబట్టాకే వైద్యులు ఆరా తీశారు. కారణమైన బ్యాక్టీరియాను పిడుదుల్లో కనిపెట్టినట్టు శాస్త్రవేత్త విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం 1982లో ప్రకటించింది.

పిడుదు అంటే మీకు గేదె చెవిలో ఆముదపు గింజలా ఉబ్బినదే గుర్తొస్తుంది. అక్కడ మనుషులకు ఈ జబ్బు ఎక్కువగా అంటించేది దాని పిల్ల. గసగస గింజంత ఉంటుంది, కుట్టినా నొప్పి తెలియదు. మీకు గుర్తు లేకపోవడంలో వింత లేదు.

ఇక ఆ రిపోర్టు. ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. అవి రక్తంలో తేలడానికి కొన్ని వారాలు పడుతుంది. మచ్చ వచ్చిన కొత్తలో ‘లేదు’ అని రావడం మామూలే. అందుకే ఇలాంటి మచ్చను కంటితో చూసే మందు మొదలుపెడతారు. నేనూ ఒకసారి తామర అనుకుని ఒకామెను పంపించేశాను. పది రోజులకు మూతి వంకర పోయి తిరిగొచ్చింది. ఆలస్యమైతే గుండె లయ తప్పడం, నెలల తరువాత మోకాలు వాయడం కూడా ఉంటాయి. కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మచ్చ అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, ఫోటో తీసుకుని ఫిజీషియన్ దగ్గరకు వెళ్లండి. కనెక్టికట్ మాట మొదట చెప్పండి. మన దగ్గర ఎవరికీ అది తట్టదు. సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పది రోజులు వాడతారు.

మన చేలగట్ల మీద తిరిగేవాళ్లకు జ్వరంతో పాటు చంకలోనో నడుము దగ్గరో చుట్ట కాలినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అది వేరు, స్క్రబ్ టైఫస్. దాన్ని తెచ్చేది పిడుదు కాదు, పొదల్లో, గడ్డిలో ఉండే మరో సన్న పురుగు పిల్ల. మందు మాత్రం చాలావరకు ఇదే. బట్ట తొలగించి చూసే ఓపిక వైద్యుడికి ఉండాలి, అంతే.

మనవరాలికి అంటదు. ఎత్తుకోండి. ఆ పూత మందు ఆపేసి, ట్యూబు మాత్రం వైద్యుడికి చూపించండి. స్టెరాయిడ్ కలిసినదైతే మచ్చ రూపమే మారిపోతుంది.