ఏ జబ్బూ లేని లాబ్రడార్ శాంపిల్ పరిశోధనకు ఎందుకు?

మీ లాబ్రడార్ కుక్కకి తొమ్మిదేళ్లు, ఇప్పటిదాకా ఏ జబ్బూ లేదు, మరి జన్యు పరిశోధనకు శాంపిల్ ఇస్తే ఎవరికి లాభం అని అడిగారు. ఇవ్వండి. జబ్బు లేదు కాబట్టే ఇవ్వండి.

జబ్బుకి కారణమైన జన్యువు దొరకాలంటే జబ్బున్న కుక్కల డీఎన్ఏ ఒక్కటే చాలదు. అదే జాతిలో ఆ జబ్బు రాని కుక్కల డీఎన్ఏతో పోల్చి చూడాలి. రెండేళ్ల కుక్క ఈరోజు బాగున్నా రేపటి సంగతి చెప్పలేం. తొమ్మిదేళ్లు హాయిగా గడిపిన కుక్కయితే ఆ పోలికకు గట్టి ఆధారం.

మా బ్రూనోది జబ్బున్న వైపు. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర బంతి విసిరితే పది నిమిషాలు ఆగకుండా పరిగెత్తేవాడు. తర్వాత వెనక కాళ్లు పట్టు తప్పేవి. నడుము పక్కకి ఒరిగిపోయినా బంతి వదలడు, ముందు కాళ్లతో ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్లేవాడు. చూసినవాళ్లంతా వైజాగ్ ఉక్కపోత, వడదెబ్బే అన్నారు. కానీ డిసెంబరు పొద్దున చల్లగా ఉన్నా అంతే. కాసేపు పడుకోబెడితే మామూలుగా లేచేవాడు. ఫోన్‌లో వీడియో చూసి డాక్టరు గారు ఈఐసీ అని అనుమానపడ్డారు, టెస్టులో అదే తేలింది. బాగా పరిగెత్తాక కూలబడిపోయే వంశపారంపర్య జబ్బు అది. ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. బంతాట మానేశాం, ఇప్పుడు నడకే. బాగున్నాడు.

డీఎన్ఎం1 అనే జన్యువులో మార్పే దీనికి కారణమని 2008లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనలో బయటపడింది. ముక్కూ మొహం తెలియని ఎవరెవరో తమ కుక్కల శాంపిళ్లు ఇవ్వబట్టే మావాడికి జవాబు దొరికింది. నాకు ఆ కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది.

శాంపిల్ అంటే బ్రీడర్లు కొందరు వెనకాడతారు, తమ కుక్కల వంశానికి చెడ్డపేరు వస్తుందని. ఈఐసీ లాంటి జబ్బుల్లో క్యారియర్, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ మార్పు వచ్చిన కుక్క, జబ్బు కుక్క కాదు. దాన్ని క్లియర్ కుక్కతో, అంటే ఆ మార్పు అసలు లేనిదానితో, మేటింగ్ చేయిస్తే పిల్లల్లో ఒక్కదానికీ ఆ జబ్బు రాదు. ఇద్దరూ క్యారియర్లయితేనే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు అవకాశం. క్యారియర్లన్నిటినీ పక్కన పెట్టేస్తే జాతిలో రక్తం దగ్గరైపోయి వేరే జబ్బులు తలెత్తవచ్చు. దాచిపెట్టడం వల్లే నష్టం.

నొప్పి గురించి టెన్షన్ వద్దు. చాలా చోట్ల చెంప లోపల బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది, కొందరు రక్తం అడుగుతారు. రుద్దే ముందు అరగంట ఏమీ పెట్టకండి. బ్రష్‌ని గాలికి బాగా ఆరనిచ్చి కాగితం కవర్లోనే పెట్టండి. మన ఊరి తేమకి ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది. కిట్‌తో వేరే సూచనలు వస్తే వాటినే పాటించండి.

డబ్బు కట్టి చేయించుకునే టెస్టు వేరు. అది ఇప్పటికే తెలిసిన మార్పులనే చూస్తుంది. పరిశోధన తెలియనివాటి కోసం. అందుకే శాంపిల్‌ని దేనికి వాడతారో, వివరాలు ఎవరికి చూపిస్తారో రాతపూర్వకంగా అడగండి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్స్, మైక్రోచిప్ నంబరు ఉంటే జత చేయండి. పేపర్స్ లేకపోతే తల్లిదండ్రులు ఎవరో తెలియదని ఉన్నదున్నట్టు రాయండి. ఆ తర్వాత ఏ జబ్బు వచ్చినా, చివరికి దేనివల్ల పోయినా ఆ కబురు కూడా పరిశోధకులకి పంపండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, పరిశోధకులకి ఎక్కువగా కావలసింది అదే.