నాన్న కొనిచ్చిన కారు బ్యాగు అడుగున దాచాడు

ప్రశ్న: మాది విశాఖ. ఏడాదిన్నరగా నేనూ మా ఆయనా విడిగా ఉంటున్నాం. ఇద్దరి అంగీకారంతోనే విడాకులకు వేశాం. ఎనిమిదేళ్ల బాబు గాజువాకలో మా పుట్టింట్లో నా దగ్గరే ఉంటున్నాడు. ఆదివారం వాళ్ల నాన్న ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి సాయంత్రం దింపుతారు. అక్కడేం జరిగిందని అడిగితే నోరు విప్పడు, కడుపు నొప్పంటాడు. మళ్లీ పక్క తడుపుతున్నాడు. డాక్టర్ పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. మొన్న స్కూలు బ్యాగు అడుగున వాళ్ల నాన్న కొనిచ్చిన బొమ్మ కారు కనబడింది. కలవడం మాన్పించేయనా?

జవాబు: మాన్పించకండమ్మా. పిల్లాడిని కొట్టడం లాంటివి ఉంటే మాట వేరు. అప్పుడు వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, కోర్టుకూ చెప్పాలి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

నాకు ఆ బొమ్మ కారే కళ్లముందు మెదులుతోంది. దాన్ని చూస్తే అమ్మ ముఖం చిన్నబోతుందని వాడికి తెలిసిపోయింది. ముచ్చటపడి తెచ్చుకున్నదాన్ని పుస్తకాల కింద దాచేశాడు. నాన్న దగ్గర నవ్వితే అమ్మకు కోపమొస్తుందేమో, ఇంటికొచ్చేస్తే నాన్న ఒక్కడే అయిపోతాడేమో అన్న నలుగుడు వాడిది. ఈ వయసులో దాన్ని మాటల్లో చెప్పడం రాదు, ఒంట్లో బయటపడుతుంది. ఆ నొప్పి నిజమైనదే. నాటకమని మాత్రం అనకండి.

విడాకుల కన్నా వాటి చుట్టూ సాగే గొడవలే పిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తాయని ఎన్నో పరిశోధనల్లో తేలింది. గొడవంటే అరుచుకోవడమే కానక్కర్లేదు. వాడు గుమ్మంలో కాలు పెట్టగానే ‘ఎవరొచ్చారు, నా గురించేమన్నారు’ అని అడిగితే వాడికి అదీ గొడవే. అమ్మమ్మకూ తాతయ్యకూ కూడా గట్టిగా చెప్పండి. చాలా ఇళ్లలో అసలు ఆరాలు వాళ్లవే.

ఈ ఆదివారం రాగానే కాళ్లు కడుక్కోమని ఇంత వేడన్నం పెట్టండి. ఏమీ అడక్కండి. ‘కారు బాగుందిరా, టీవీ పక్కన పెట్టుకుందామా?’ అనండి. ఫీజుల సంగతి, వాయిదాల సంగతి మీరిద్దరే మాట్లాడుకోండి, వాడితో కబుర్లు పంపొద్దు. తన అల్లరి వల్లే నాన్న వెళ్లిపోయాడని లోలోపల అనుకునే పిల్లలు చాలామంది. ‘ఇందులో నీ తప్పేం లేదు నాన్నా’ అని ఒకసారి ఇద్దరూ కలిసి చెప్పండి. మర్నాడు మీరొక్కరే మళ్లీ చెప్పండి.

డిక్రీ, అంటే కోర్టు విడాకుల తీర్పు, వచ్చేలోపు కలిసే రోజులు, సెలవులు, చదువు ఖర్చులు కాగితం మీద రాసుకోండి. 1955 హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టు వాటిని డిక్రీలో చేర్చగలదు. ఏ ఆదివారం ఎక్కడుంటాడో ముందే తెలిస్తే వాడి టెన్షన్ సగం తగ్గుతుంది.

క్లాస్ టీచర్ చెవిన ఒక మాట వేయండి. నెలా రెండు నెలల్లో పక్క తడపడం తగ్గకపోతే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. ఈలోగా రాత్రిపూట మీకే గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.